మూడో పీపా

ద్రాక్షగాలి: పదకొండో భాగం

పోయిన వారం కథ ప్రణతిని గుర్‌గావ్‌ బ్రూవరీలో, రుచి చూసే గది గుమ్మం దగ్గర ఆపింది. ఏప్రిల్‌లో వచ్చిన జ్వరం తగ్గుతూ తగ్గుతూ ఆమెకు వాసన తెలియకుండా చేసి పోయింది. బీరు తయారుచేసే చోట ప్రధాన బ్రూవర్‌కి వాసన తెలియదంటే ఆ ఉద్యోగం ఎన్నాళ్ళుంటుంది? ఆ భయంతో భర్తకు తప్ప ఎవరికీ చెప్పకుండా నాలుగు నెలలు నెట్టుకొచ్చింది. అలా నెట్టుకురావడానికి ఆమెకు దొరికిన ఊతం మైథిలి రిజిస్టరు. ల్యాబు పని చూసే మైథిలి ప్రతి నమూనానీ ముందుగా వాసన చూసి, తనకు తోచింది రిజిస్టరులో రాసిపెడుతుంది. ఆ అమ్మాయి టీకి వెళ్ళినప్పుడు ప్రణతి ఆ పేజీ చదువుకుంటుంది. ఆ తర్వాత అందరి ముందూ గ్లాసెత్తి, అవే మాటలు అటూ ఇటూ మార్చి, తన ముక్కే చెప్పిందన్నట్టు చెబుతుంది.

ఈ ఉదయమూ చదివింది. ‘మూడో పీపా: నల్లద్రాక్ష, లవంగం, ఎండిన గులాబీ రేకులు. నాలుగింటిలో ఇదే బాగుంది’ అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. రెండుసార్లు చదువుకుని, రిజిస్టరు ఎలా ఉందో అలాగే పెట్టి, లోపలికి నడిచింది.

బల్లకు అటువైపు యజమాని మల్లికార్జున కూర్చుని ఉన్నాడు. నల్లగొండ మనిషి. పదిహేనేళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసి, అది వదిలేసి ఈ బ్రూవరీ పెట్టాడు. ఆయన పక్కన పార్థసారథి గారు. పెద్ద హోటళ్ళకు వైన్లు ఎంచిపెట్టడం ఆయన వృత్తి. సొంతూరు బందరైనా ముప్పై ఏళ్ళుగా మయూర్ విహార్‌లోనే ఉంటున్నారు. ఆయన బాగుందంటే ఈ బీరు తొమ్మిది హోటళ్ళలోకి వెళుతుంది. గోడవారగా మైథిలి నిలబడి ఉంది. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల. ఆరేళ్ళుగా ప్రణతిని ‘దీదీ’ అంటూ వెన్నంటి తిరుగుతోంది.

బల్లమీద నాలుగు గ్లాసులు. నాలుగింటిలోనూ ఒకటే రంగు, పండిన నేరేడు పండు రంగు.

ఇది మామూలు బీరు కాదు. బార్లీ రసంలో నాసిక్ నల్లద్రాక్ష రసం కలిపి పులియబెట్టి, అంతకుముందు ఎర్ర వైను నిలవచేసిన చెక్క పీపాల్లో పోసి, ఆరు నెలలు కదల్చకుండా ఉంచారు. చూస్తే బీరు, గుటక వేస్తే వైనేమో అనిపించాలి. ఆ ఆలోచన ప్రణతిదే. ద్రాక్ష ఎంచింది, పీపాలు తెప్పించింది, ఫిబ్రవరిలో దగ్గరుండి వాటిని నింపించింది ఆమే. నింపిన రోజు పీపా మూతి దగ్గర ముక్కు పెట్టి, ఆ వాసనకి కళ్ళు మూసుకుని నిలబడిపోయింది. అప్పటికి ఆమెకు ఇంకా వాసన తెలిసేది.

“కానియ్యమ్మా,” అన్నాడు మల్లికార్జున. “నీ చేతిల తయారైనయి. ముందుగాల నువ్వే చెప్పాలె. తర్వాత సారు చెప్తరు.”

ప్రణతి మొదటి గ్లాసు ఎత్తింది. నాలుక మీద పచ్చిద్రాక్ష పులుపు, వెనక కొద్దిగా చేదు. “ఇంకా పచ్చిగా ఉంది సార్. చెక్క వాసన ముందుకొస్తోంది, ద్రాక్ష వెనకబడింది,” అంది. పార్థసారథి గారు వాసన చూసి తలాడించారు. రెండో గ్లాసు. “దీంట్లో ఆకు వాసన ఎక్కువ.” మళ్ళీ తలాడించారు. చొక్కా లోపల వీపు మీద పట్టిన చెమట ఆరుతున్నట్టనిపించింది ఆమెకు. ఇంకో పది నిమిషాలు. అంతే, గండం గడిచినట్టే.

మూడో గ్లాసు.

గుటక నోట్లోకి వెళ్ళగానే మొదట సన్నటి బుడగలు చురుక్కుమన్నాయి. వాటి వెనక పులుపు వచ్చింది. గుచ్చే పులుపు కాదు, నోరూరించే పులుపు. మింగాక వగరు మిగిలింది. వక్క నమిలినట్టు చిగుళ్ళు బిగిశాయి, బుగ్గలు లోపలికి లాగాయి. బీరుకు ఉండని వగరది, ద్రాక్షతొక్కూ చెక్కా కలిసి వైనుకు ఇచ్చే వగరు. ఆరు నెలల క్రితం ఆమె మనసులో అనుకున్నది ఇప్పుడు నోట్లో నిజంగా ఉంది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆమెకు మనస్ఫూర్తిగా సంతోషం వేసింది. ఆ సంతోషంలో మాట ధారాళంగా వచ్చేసింది.

“ఇదే సార్. ఇదే నేను అనుకున్నది. పులుపూ వగరూ సమానంగా కుదిరాయి. చివరిదాకా నోట్లో నిలబడుతోంది. ఇక వాసన చూడండి, నల్లద్రాక్ష, కాస్త లవంగం, ఆ వెనక ఎండిన గులాబీ రేకులు. పీపా దీనికి ఎంత మేలు చేసిందో! మనం సీసాల్లో పట్టాల్సింది దీన్నే.”



పార్థసారథి గారు గ్లాసు ముక్కు దగ్గరదాకా తీసుకెళ్ళి, తాగకుండానే దూరంగా పెట్టేశారు. మల్లికార్జున వేళ్ళతో ముక్కు పట్టుకుని కుర్చీ వెనక్కి జరిపాడు. ప్రణతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నవ్వు ఇంకా ఆమె పెదాల మీదే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియలేదు.

“అమ్మా ప్రణతీ,” అన్నారు పార్థసారథి గారు నెమ్మదిగా. “మీరు వేరే గ్లాసు గురించి చెబుతున్నారేమో. ఇంకోసారి చూడండి.”

“లేదండీ, మూడోదే.”

“మూడోదేనా? సరే. ఒకసారి వాసన చూడండి.”

ఆమె గ్లాసు తిప్పింది. ముక్కు లోపలిదాకా పెట్టి గట్టిగా పీల్చింది. చల్లటి గాలి వచ్చింది, అంతే. గోడకు ముక్కు ఆనించినా అంతే ఉంటుంది. ఆ క్షణంలో తెలియదని ఒప్పుకోవచ్చు. కానీ కళ్ళముందు మైథిలి గుండ్రటి అక్షరాలు కదిలాయి. ఆరేళ్ళలో ఆ రిజిస్టరు ఒక్కసారీ తప్పలేదు.

“గులాబీ,” అంది. ఆ గొంతు తనదిలా లేదు. “ఎండిన గులాబీ.”

“గులాబేందమ్మా!” మల్లికార్జున లేచి నిలబడ్డాడు. “వానల నానిన గోనెసంచి మూల పడేస్తె మురిగినట్టుంది! ఇంత కంపు కొడుతుంటె గులాబంటవేంది?”

“పీపా లోపల బూజు పట్టింది,” అన్నారు పార్థసారథి గారు. “వైన్లలో ఇది నాకు బాగా తెలిసిన జబ్బు. నాలుకకి దొరకదు. రుచి చూస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది. కానీ ముక్కున్న వాళ్ళెవరూ దీన్ని…”

ఆయన వాక్యం మధ్యలో ఆగిపోయారు. ఆగి, ప్రణతి ముఖంలోకి చూశారు. ఆ చూపుకి ఆమె బల్ల అంచు పట్టుకుంది.  ఇలాంటి రోజు వస్తుందని రోజూ భయపడుతూనే ఉంది. వచ్చేటప్పుడు ముందుగా ఏదో ఒక సూచన అందుతుందనుకుంది. కానీ తన నోటితో తనే గులాబీ అని రెండుసార్లు అన్నాక, తన మాటలే తనను పట్టిస్తాయని అనుకోలేదు.

“సార్,” అంది మైథిలి గోడ దగ్గర్నుంచి. “ఆ గులాబీ నేను రాసింది.”

అందరూ అటు తిరిగారు.

“మూడో పీపా ఖరాబ్ అయిందని సోమవారమే తెలుసు నాకు. రిజిస్టర్‌లో ఉల్టా రాశాను. దీదీ చదువుతారని తెలుసు, అందుకే.” ఆ పిల్ల ప్రణతి వైపు చూడలేదు. “దీదీకి వాసన తెలియట్లేదు సార్. చాలా రోజుల్నుంచి.”

“మైథిలీ!” అంది ప్రణతి. 

“నేను అడిగాను కదా దీదీ మిమ్మల్ని? ఒకసారి కాదు, రెండుసార్లు. మే నెలలో అడిగితే జలుబు అన్నారు. జూన్‌లో అడిగితే నీ పని నువ్వు చూసుకో అన్నారు. మూడోసారి ఎలా అడగాలి?”

“అందుకని అందరి ముందూ… ఇంతమంది ముందు…”

“సందీప్ భయ్యాని కూడా అందరి ముందే కదా పంపించారు!”

ఆ పేరు వినగానే ప్రణతి చెయ్యి బల్ల మీంచి జారిపోయింది.

జూన్‌లో ఒక శనివారం, హాలంతా జనం ఉన్నప్పుడు, గోధుమ బీరు గ్లాసులు ఒకదాని వెనక ఒకటి వెనక్కి వచ్చేశాయి. మురిగిన వెన్న వాసన వస్తోందని తాగేవాళ్ళు గొడవ చేశారు. ఆ వాసన రావడానికి రెండు కారణాలుంటాయి. పులియడం పూర్తికాకుండానే ట్యాంకులోంచి బీరు వదిలేయడం ఒకటి, అది బ్రూవర్ తప్పు. బీరు వచ్చే గొట్టాలు శుభ్రంగా కడగకపోవడం రెండోది, అది ఆ గొట్టాలు చూసే సందీప్ తప్పు. ఎవరిదని మల్లికార్జున అడిగాడు. ‘ట్యాంకు దగ్గర నేను చూసినప్పుడు శుభ్రంగా ఉంది సార్’ అంది ప్రణతి. చూసింది, నిజమే. రంగు చూసింది, నురగ చూసింది. వాసన మాత్రం చూడలేకపోయింది. ఆ ట్యాంకు నమూనా ఇంకా మైథిలి దాకా వెళ్ళలేదు, రిజిస్టరులో ఆ పేజీ ఖాళీగా ఉంది. ఆ ఒక్క మాటతో ఎనిమిదేళ్ళు పనిచేసిన సందీప్ సాయంత్రానికి సంచి సర్దుకున్నాడు. వెళుతూ ఆమె వైపు చూసి, ఏదో అనబోయి, అనకుండా వెళ్ళిపోయాడు. గొట్టాలే కారణమై ఉండాలని ఆమె ఆనాటి నుంచి తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. రోజూ చెప్పుకోవాల్సి వస్తోందంటేనే అది అబద్ధమని తెలుస్తూనే ఉంది కూడా.

“ఆరోజు పొద్దున గొట్టాలు కడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను దీదీ,” అంది మైథిలి.  “మంచిగా కడిగారు. నేను సార్‌కి చెప్పాను. కానీ మీ మాట ముందు నా మాట ఎవరు వింటారు? మీరు ఈ పనిలో నా గురువు. మిమ్మల్ని ఇలా చేయాలని నాకు సరదానా?”

ప్రణతి కుర్చీలో కూర్చుంది. ఎదురుగా మూడో గ్లాసు. అందరికీ అంత కంపు కొడుతున్న ఆ బీరు ఆమెకు మాత్రం నేరేడు రంగు నీళ్ళలా నిశ్శబ్దంగా ఉంది. కోపం రావాలి, రాలేదు. ఆరేళ్ళు పక్కన నడిచిన పిల్ల గుంట తవ్వి అందులోకి నడిపించింది. కానీ గుంట దాకా తనంతట తనే నడిచొచ్చింది కదా! సిగ్గుతో ముఖం కాలిపోతోంది. ఆ సిగ్గు కింద, ఇక దాచక్కర్లేదన్న తేలికదనం కూడా ఏదో కదిలింది. అది తెలిసి ఆమె ఇంకా సిగ్గుపడింది.

“నిజమే సార్,” అంది తలెత్తి. “ఏప్రిల్ జ్వరం తర్వాత వాసన పోయింది. డాక్టర్లు వస్తుందంటున్నారు, ఎప్పుడని చెప్పలేకపోతున్నారు. నాలుగు నెలలుగా మైథిలి రాసింది చదివి చెబుతున్నాను. జూన్‌లో గోధుమ బీరు వదిలినప్పుడు కూడా నాకేమీ తెలియలేదు. తప్పు నాది. సందీప్‌ది కాదు.”

“నాలుగు నెలలా!” మల్లికార్జున తల పట్టుకున్నాడు. “నాలుగు నెలల సంది వాసన తెల్వకుంటనే… నాకు ఒక్క ముక్క చెప్తె ఏం పోయేదమ్మా? నిన్ను నమ్మి గీ బ్రూవరీ అంత నీ చేతుల పెట్టిన కద!”



పార్థసారథి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నలభై ఏళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నాను,” అన్నారు. “మీ నాలుక చెప్పిందాంట్లో ఒక్క తప్పు లేదమ్మా. ఆ పులుపు, ఆ వగరు, అన్నీ సరిగ్గా చెప్పారు. కానీ ఇంత జరిగాక ఇవాళ నేను ఏదీ ఎంచలేను. హోటళ్ళ వాళ్ళకి ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి.” లేచి, ఆమె భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, వెళ్ళిపోయారు. నాలుగో గ్లాసు ఎవరూ ముట్టుకోలేదు.

ప్రణతి బ్యాగు తీసుకుంది.

“ఎటు వోతున్నవ్?” అన్నాడు మల్లికార్జున.

“సందీప్ ఇంటికి. ఘాజియాబాద్.”

“ఇప్పుడా? ఇప్పుడెందుకు? నేను ఫోన్ చేసి మాట్లాడత తియ్యి. నువ్వు ఇంటికి పోయి పండుకో.”

“ఫోన్‌లో చెప్పే మాట కాదు సార్.”

“అరే, చెప్తున్న గద, వద్దని!” ఆ గొంతులో ఏదో తొందర వినిపించింది. తన మీద కోపమనుకుంది ప్రణతి. కోపం వచ్చే హక్కు ఆయనకు ఉందనుకుంది. తలుపు తీసుకుని బయటపడింది.

రెండు చోట్ల మెట్రో మారింది. రాజీవ్ చౌక్‌లో జనం తోపులాటలో ఎవరో కాలు తొక్కారు, తెలియలేదు. ఏం చెప్పాలో దారిపొడవునా వాక్యాలు అల్లుకుంది. ఘాజియాబాద్‌లో దిగి ఆటో ఎక్కేసరికి ఒక్క వాక్యమూ మిగల్లేదు.

ఫ్యాక్టరీల వెనక పాత నాలుగంతస్తుల ఇల్లు. సందీప్ వాళ్ళది రెండో అంతస్తు. తలుపు తీసింది వాళ్ళ అమ్మ మాణిక్యాంబ. శ్రీకాకుళం నుంచి భర్త ఉద్యోగంతో ఇక్కడికి వచ్చి నలభై ఏళ్ళయినా ఆమె మాటలో ఊరు పోలేదు.

“ఎవులమ్మా? ఓ, మా వోడి ఆఫీసు మేడమా! రా అమ్మా, కూకో. ఒరే సందీపూ, ఎవులొచ్చేరో సూడు.”

లోపల్నుంచి సందీప్ వచ్చాడు. నలభైకి దగ్గర మనిషి. సబ్బుల ఫ్యాక్టరీ యూనిఫారంలో ఉన్నాడు, షిఫ్టుకు బయల్దేరుతున్నట్టున్నాడు. ఆమెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“అచ్ఛా, మేడమ్! మీరా? ఏమయింది?”

ప్రణతి కూర్చోలేదు. నిలబడే చెప్పింది. జ్వరం, వాసన, రిజిస్టరు, ఈ ఉదయం మూడో గ్లాసు, జూన్ శనివారం, అన్నీ.  “నా భయం కోసం మీ పని పోగొట్టాను సందీప్. క్షమించమని అడిగే ముఖం కూడా నాకు లేదు. అందరి ముందూ చెప్పాను. ఎక్కడ చెప్పమంటే అక్కడ మళ్ళీ చెబుతాను,” అంది చేతులు జోడించి.

మాణిక్యాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సందీప్ మాత్రం ఆశ్చర్యపోలేదు. 

“నాకు తెలుసు మేడమ్,” అన్నాడు.

“ఏం తెలుసు?”

“మీకు వాసన తెలియట్లేదని. ఆ శనివారానికి మూడు రోజుల ముందు, మీరు ట్యాంకు చూసినప్పుడు నేనూ ఉన్నాను కదా. వెన్న వాసన గుప్పున కొడుతోంది. మీరు గ్లాసు ఎత్తి ముక్కు దగ్గర పెట్టి, బాగుంది, వదలండి అన్నారు. మామూలుగా మీరు అంత దూరం నుంచే పట్టేసేవారు. అప్పుడే అర్థమయిపోయింది.”

 “మరి… ఎవరికీ చెప్పలేదేం? చెప్పుంటే మీ ఉద్యోగం…”

“చెప్పాను మేడమ్.”

“ఎవరికి?”

“సార్‌కి. మల్లికార్జున సార్‌కి. ఆ బీరు ఇంకా గొట్టాల్లోకి వదల్లేదు, అప్పుడే వెళ్ళి చెప్పాను. మేడమ్‌కి వాసన తెలియట్లేదు సార్, ఈ ట్యాంకు ఆపుదాం అని.  ఆయన, ఈ సంగతి నీ నోట్లోంచి ఇంకెక్కడా రావద్దు, పో అన్నారు. నాలుగో రోజుకి నన్నే తీసేశారు.”

ప్రణతి గోడకు ఆనుకుంది. మూడు గంటల క్రితం తల పట్టుకుని ‘నాలుగు నెలలా!’ అని అరిచిన మనిషి ముఖం కళ్ళ ముందుకొచ్చింది. ఆ కళ్ళల్లో విస్మయం, గొంతులో బాధ, నిన్ను నమ్మి అన్న ఆ మాట. జూన్ నుంచి ఆయనకు తెలుసు. తెలిసి తెలిసి బీరు వదలనిచ్చాడు. తెలిసి ‘తప్పెవరిది’ అని ఆమెనే అడిగాడు. తెలిసి ఈ ఉదయం పార్థసారథి గారి ముందు ఆమెను కూర్చోబెట్టి ‘ముందుగాల నువ్వే చెప్పాలె’ అన్నాడు.

ఎందుకు?

బ్యాగులో ఫోను మోగింది, తీసి చూసింది. సందేశం. మల్లికార్జున నుంచి.

‘సందీప్ ఏం చెప్పినా నమ్మకు. కింద ఉన్న. ఒక్కదానివే రా, మాట్లాడాలె.’

బాల్కనీలోకి పరుగెత్తింది. సందులో మల్లికార్జున తెల్ల కారు ఆగి ఉంది. ఆయన బానెట్‌కు ఆనుకుని, ఫోను చేతిలో పట్టుకుని, మెట్ల వైపే చూస్తున్నాడు. ఆయన వెనక, కారు తలుపు పక్కన, ఇంకొకరు నిలబడి ఉన్నారు.

మైథిలి.

ఆమె తలెత్తి బాల్కనీ వైపు చూసింది. ప్రణతిని గుర్తుపట్టింది. ఒక్కసారి మల్లికార్జున వైపు చూసి, ఆయన కంట పడకుండా చెయ్యి నడుము దాకా మాత్రమే ఎత్తి, రావద్దు, రావద్దు అన్నట్టు అడ్డంగా ఊపడం మొదలుపెట్టింది.